పట్టినదాన్ని వదిలించే పనితనం

హైదరాబాద్‌లో ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర మెట్రో ఎక్కితే స్టేడియం, ఎన్‌జీఆర్ఐ, హబ్సిగూడ దాటి నాలుగో స్టేషన్ తార్నాక. చిల్కానగర్ వాసులకు ఈ దారి చేతిరేఖలంత పరిచయం. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్ఐ, ఈ దారిలోనే ఉంది, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ ఈ దారిలోనే ఉంది, తార్నాక వైపు వెళ్తే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అంటే ఐఐసీటీ, ఉంది. ఇటు పక్క నాచారం, ఉప్పల్ పారిశ్రామిక వాడలు. నీళ్లలో లోహం ఎలా చేరుతుందని అడిగే ఊరూ, ఎంత చేరిందో కొలిచే పరికరమూ, దాన్ని తీసే ఉపాయమూ ఇంత దగ్గరగా ఉన్న చోటు మన రాష్ట్రంలో మరొకటి ఉందనుకోను. అయినా ఆ గోడల లోపల జరిగిన పని గురించి ఇక్కడివాళ్లకు తెలిసింది తక్కువ. అందులో ఒకదాన్ని ఇక్కడ పరిచయం చేస్తాను.

2005లో ‘వాటర్ రీసెర్చ్’ అనే అంతర్జాతీయ పత్రికలో ఐఐసీటీకి చెందిన సి.టి. కమల, కె. చంద్రశేఖర్, వారి సహచరులు ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. నీళ్లలోంచి ఆర్సెనిక్‌ను ఒక మొక్క పదార్థంతో తీసేయడం దాని విషయం. మొక్క పేరు గార్సీనియా కాంబోజియా. కేరళ వంటింట్లో చేపల పులుసుకు వాడే కుడంపుళి ఈ జాతిదే. ఆకులతో, బెరడుతో, గింజల తొక్కతో భారలోహాలను పట్టుకోవచ్చని చెప్పే పత్రాలు ప్రపంచంలో వేలల్లో వచ్చాయి. ఎన్నిటినో చదివాక కూడా నేను మళ్లీ మళ్లీ తెరిచేది ఈ ఒక్కదాన్ని. కారణం చెప్పాలంటే ముందు అసలు ఈ పట్టుకోవడం ఏమిటో చూడాలి.

ఇత్తడి బిందెకు చింతపండు రుద్దితే పట్టిన మకిలి కరిగి, రాగి కలిసిన పచ్చటి నీళ్లు కారతాయి. చింతపండులోని ఆమ్లాలకు కార్బాక్సిల్ అనే రసాయన చేతులు ఉంటాయి. అవి లోహపు అయాన్‌ను పట్టుకుని లాక్కుపోతాయి. ఆ చేతులు చింతపండుకే సొంతం కాదు. ప్రతి ఆకు గోడలోనూ పెక్టిన్ ఉంది, సెల్యులోజ్ ఉంది, లిగ్నిన్ ఉంది, బెరడులోనైతే టానిన్లు కూడా ఉన్నాయి. వాటి నిండా కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ గుంపులే. చచ్చిపోయిన ఆకు అయినా, ఎండి పొడి అయినా ఈ చేతులు అలాగే ఉంటాయి. సీసం కలిసిన నీళ్లలో ఆ పొడి వేసి కాసేపు గిలక్కొడితే లోహం నీటిని వదిలి పొడి ఉపరితలానికి అంటుకుంటుంది. దీన్నే అధిశోషణం అంటారు. పీల్చుకోవడం వేరు, ఇది వేరు. ఇక్కడ లోహం పైపైనే అతుక్కుని ఉంటుంది. ఆ తేడా చివరికి చాలా అక్కరకొస్తుంది.

మనవాళ్లు బురద నీళ్లలో చిల్లగింజ అరగదీసి వేసేవారు. మునగ గింజల పొడికీ ఆ గుణం ఉంది. అది గొప్ప తెలివే గానీ ఆ పని వేరు: నీటిలో తేలే మట్టి రేణువుల్ని గుంపుగా చేర్చి అడుక్కు దించడం. కరిగి ఉన్న సీసానికి, కాడ్మియానికి రంగూ లేదు, మడ్డీ లేదు. తేటగా మెరిసే నీళ్లలో కూడా అవి ఉండగలవు. తాగే నీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదనీ, కాడ్మియం 0.003 మించకూడదనీ మన భారతీయ ప్రమాణం. కంటికి అందే లెక్కలు కావివి.

మన తెలుగు విశ్వవిద్యాలయాలు ఈ రంగంలో చేసిన పని తక్కువేమీ కాదు. విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయం కెమికల్ ఇంజనీరింగ్ వాళ్లు 2006లో టేకు ఆకుల పొడితో రాగినీ జింకునీ, 2008లో వేప బెరడుతో జింకునీ తీసి చూపించారు. తిరుపతి శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయంలో కె. శేషయ్య బృందం తెల్లబూరుగు కాయ డొప్పలు తీసుకుని, వాటిని యాక్టివేటెడ్ కార్బన్‌గా మార్చి, గ్రాముకు 20.8 మిల్లీగ్రాముల రాగి, 19.5 మిల్లీగ్రాముల కాడ్మియం దాకా పట్టించింది. పెసర పొట్టుతో కూడా అదే చేశారు. ఆ తరవాత చేతికి తీసుకున్నది మునగ.

మునగ మీద వాళ్ల పని దగ్గరనుంచి చూడదగ్గది. 2010లో మునగ బెరడు పొడి గ్రాముకు 34.6 మిల్లీగ్రాముల సీసం పట్టగలదని తేల్చారు, పీహెచ్ 5 దగ్గర. ఈ 5 అన్న అంకె వెనక ఉన్న శ్రద్ధ నాకు ఇష్టం. నీళ్లు మరీ పుల్లగా ఉంటే హైడ్రోజన్ అయాన్లు గుంపుగా వచ్చి ఆకు చేతుల్ని ముందే ఆక్రమిస్తాయి, సీసానికి చోటు దొరకదు. క్షారం వైపు జరిపితే సీసం తనంతట తానే హైడ్రాక్సైడ్‌గా మారి అడుగుకు దిగిపోతుంది. అప్పుడు నీళ్లలో సీసం తగ్గినట్టు పరికరం చూపిస్తుంది, కానీ ఆ తగ్గుదలలో ఆకు చేసింది ఎంతో, అవక్షేపం చేసింది ఎంతో విడదీయలేం. తొందరపడేవాళ్లు పీహెచ్ 7, 8 దగ్గర కొలిచి అద్భుతమైన అంకెలు రాసుకుంటారు. నిజాయితీగా పనిచేసేవాళ్లు అవక్షేపం మొదలయ్యే గీతకు ఇవతలే ఆగుతారు. అంకె చిన్నదైనా అది ఆకుదే.

అదే ఏడాది వాళ్లు ఆకు మీద చేసిన మార్పు ఇంకా ముచ్చటైనది. మునగాకు పొడిని మొదట కాస్టిక్ సోడాతో కడిగారు. ఇలాంటి కడుగు రెండు పనులు చేస్తుంది: ఆకులోని రంగు, తేలిగ్గా కరిగిపోయే సరుకు బయటికి పోతాయి, పెక్టిన్‌లో మిథైల్ ముసుగు వేసుకున్న కార్బాక్సిల్ గుంపులు ముసుగు తీసి బయటపడతాయి. ఆ తరవాత సిట్రిక్ ఆమ్లం, నిమ్మకాయలో ఉండేదే. వేడికి సిట్రిక్ ఆమ్లం సెల్యులోజ్‌కు ఒక చివర అతుక్కుంటుంది, మిగతా కార్బాక్సిల్ చేతులు ఖాళీగా బయటికి చాచుకుని ఉంటాయి. అంటే ఆకుకు పుట్టుకతో ఉన్న చేతులకు తోడు కొత్తవి అతికించారన్నమాట. ఇలా మార్చిన ఆకు 40 డిగ్రీల దగ్గర గ్రాముకు 209.54 మిల్లీగ్రాముల సీసం దాకా పట్టగలదని లెక్క తేలింది. బెరడు వేరు, ఆకు వేరు, ఉష్ణోగ్రత వేరు గనక 34.6నూ 209.54నూ పక్కపక్కన పెట్టి ఆరింతలు అనేయడం తప్పు. అయినా దిక్కు స్పష్టం. 2012లో ఇదే ఆకుతో కాడ్మియం, రాగి, నికెల్‌ల మీదా పనిచేశారు.

రంగు పోవడం అన్నది చిన్న సంగతిగా కనిపిస్తుంది. కడగని పచ్చి ఆకు పొడిని నీళ్లలో వేసి చూడండి, కాసేపటికి నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. లోహాన్ని తీసి ఆకు రసాన్ని కలిపితే ఆ నీళ్లు కుళ్లుతాయి. లోహం ఎంత పోయిందో చెప్పి, ఆకులోంచి ఏమి వచ్చిందో చెప్పని పత్రాలు చాలానే చదివాను. అందుకే ఆ మొదటి కడుగుకి నేనంత విలువిస్తాను.

ఆ పెద్ద అంకె మీద ఒక మాట చెప్పాలి. 209 మిల్లీగ్రాములు అన్నది లాంగ్మ్యూర్ సమీకరణం గీసే పైకప్పు. ఇర్వింగ్ లాంగ్మ్యూర్ 1918లో ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం ఉపరితలం మీద స్థానాలు పరిమితం, ఒక్కో స్థానంలో ఒక్కటే కూర్చుంటుంది, అన్నీ నిండితే అదే గరిష్ఠం. ఆ గరిష్ఠం చేరాలంటే నీళ్లు లోహంతో చిక్కగా ఉండాలి. బావి నీళ్లలో లోహం అలా ఉండదు, లీటరుకు మిల్లీగ్రాములో వందో వంతు, పదో వంతు ఉంటుంది. అంత పలచటి నీటిలో ఆ ఆకు ఎంత ఆత్రంగా పట్టుకుంటుందన్నది వేరే ప్రశ్న. పైకప్పు ఎత్తు చూసి ఇల్లు కొనకూడదు, నిలబడే చోటు చూడాలి. ఈ ప్రశ్నను ఎదురుగా నిలబెట్టుకుని పనిచేశారు గనకే తార్నాక వాళ్ల పని నాకు ప్రత్యేకం.

ఐఐసీటీ వయసులో స్వతంత్ర భారతం కంటే పెద్దది. 1944లో కేంద్ర శాస్త్ర పారిశ్రామిక పరిశోధనాలయంగా మొదలై, 1956లో సీఎస్ఐఆర్ కిందకి ప్రాంతీయ పరిశోధనాలయంగా వచ్చి, 1989లో ఇప్పటి పేరు పెట్టుకుంది. ఆ పేర్ల మార్పులో మనకు పనిలేదు గానీ, రసాయనాన్ని కొలవడంలో ఆ ఇంటికి ఉన్న అలవాటు ఈ పత్రాల ప్రతి పేరాలో కనిపిస్తుంది.

చంద్రశేఖర్ బృందం మొదట తీసుకున్నది సుగంధిపాల, రాయలసీమలో వేసవిలో నన్నారి షర్బత్ కాచే మొక్క. 2003లో దాన్ని భారలోహాలు పట్టే జీవపదార్థంగా పరీక్షించారు. 2004లో మొక్క నుంచి తీసిన పదార్థాన్ని కదలకుండా బంధించి సీసం తీసే పద్ధతి ప్రచురించారు. 2005లో అదే సుగంధిపాలను సజీవంగా, పరిశ్రమల వల్ల సీసం చేరిన మట్టిలో పెంచి, అది వేళ్లతో సీసాన్ని ఎంతవరకు లాగుతుందో చూశారు. ఆ పనిలో పక్కనే ఉన్న ఎన్‌జీఆర్ఐ నుంచి వి. బలరాం కలిశారు. చచ్చిన మొక్కతో నీళ్లకు, బతికిన మొక్కతో మట్టికి, ఒకే మొక్కను రెండు విధాలా అడిగి చూడడం వాళ్ల పద్ధతి.

ఇక ఆర్సెనిక్ పత్రానికి వద్దాం. ఆర్సెనిక్ అసలు లోహం కాదు, అర్ధలోహం. విషంలో మాత్రం భారలోహాల సరసనే కూర్చుంటుంది. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. గాలి తగిలే నీటిలో ఎక్కువగా ఆర్సెనేట్, దానికి రుణావేశం ఉంది గనక పట్టడం తేలిక. గాలి అందని లోతు బోరు నీటిలో ఆర్సెనైట్. తాగునీటి పీహెచ్ దగ్గర దీనికి ఏ ఆవేశమూ ఉండదు. ధనావేశంతో పిలిచినా రాదు, రుణావేశంతో పిలిచినా రాదు. అందుకే మామూలు శుద్ధి కేంద్రాల్లో ముందు క్లోరిన్‌తోనో మరొకదానితోనో దాన్ని ఆర్సెనేట్‌గా మార్చి, ఆ తరవాత తీస్తారు. రెండింటిలోకీ ఎక్కువ విషపూరితమైనదీ, ఎక్కువ మొండిదీ ఆర్సెనైటే. ఐఐసీటీ వాళ్లు సులువుగా దొరికేదాన్ని వదిలి, ఈ మొండిదాన్నే నేరుగా పట్టాలని కూర్చున్నారు.

పత్రంలో మొదట ఆకట్టుకునేది పీహెచ్ మీద వచ్చిన ఫలితం. పీహెచ్ మారినా ఆ పదార్థం పట్టే శక్తి పెద్దగా మారలేదు, మేలైన ఫలితం 6 నుంచి 8 మధ్య వచ్చింది. చదవడానికి చప్పగా ఉండే వాక్యం. బోరు నీళ్ల పీహెచ్ ఎక్కడుంటుందో గుర్తు తెచ్చుకుంటే దాని విలువ తెలుస్తుంది. చాలామటుకు అక్కడే, 6కీ 8కీ మధ్య. అంటే నీళ్లలో ముందు ఆమ్లం పోసి, శుద్ధి చేసి, మళ్లీ సున్నం కలిపి సరిచేసే తంటా లేదు. ఊరి నీళ్లు ఎలా వస్తే అలా పోయవచ్చు. సీసం కోసం పీహెచ్ 5 దగ్గర పనిచేయాల్సి రావడంతో పోల్చి చూస్తే ఇది ఎంత మేలో అర్థమవుతుంది.

రెండోది, వాళ్లు నీళ్లలో కావాలని అడ్డాలు వేశారు. ప్రయోగశాలలో స్వేదనజలంలో ఆర్సెనిక్ ఒక్కటే కలిపి తీయడం సులభం. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉంటాయి, మన గిన్నెలకు పట్టే తెల్లటి గార అదే. వాళ్లు వీటిని లీటరుకు 100 మిల్లీగ్రాముల దాకా కలిపి చూశారు. ఆర్సెనిక్ పట్టడంలో తేడా రాలేదు. ఇనుము కలిపి చూశారు. 100 మిల్లీగ్రాముల ఫెర్రిక్ ఇనుము ఉంటే పట్టే శక్తి గమనించదగినంత పడిపోయింది, 10 మిల్లీగ్రాములైతే ప్రభావం స్వల్పం. ఓడిన చోటు ఏదో పత్రంలోనే రాసిపెట్టారు. ఎక్కడ పనిచేయదో చెప్పిన వస్తువునే ఎక్కడ పనిచేస్తుందో నమ్మి వాడగలం.  నాకైతే పత్రం మొత్తంలో గౌరవం కలిగించిన భాగం ఇదే.

మూడోది, సమీకరణాన్ని నిజం నీళ్లకు అప్పజెప్పారు. ప్రయోగశాల కొలతలతో గీసిన వక్రాన్ని తీసుకుని, దేశంలో ఆర్సెనిక్ సోకిన ఒక ప్రాంతం నుంచి తెచ్చిన భూగర్భ జలంలో ఎంత తగ్గుతుందో ముందే లెక్క వేసి, తరవాత కొలిచి సరిచూశారు. లెక్కా కొలతా కలిశాయి. పైకప్పు ఎత్తు గురించి ఇందాక చెప్పిన అనుమానానికి ఇంతకంటే గట్టి సమాధానం లేదు.

నాలుగోది పనితనంలో అసలు కిటుకు. పొడిని పొడిగా వాడితే నీళ్లు సాగవు. గొట్టంలో మెత్తటి పొడి నింపి పైనుంచి నీళ్లు పోస్తే ముద్ద కట్టి దారి మూసుకుంటుంది, కొంత పొడి నీళ్లతో కొట్టుకుపోతుంది. అందుకే ఈ రంగంలో పొడిని ఆల్జినేట్‌లోనో సిలికాలోనో మరో బంధక పదార్థంలోనో ఇమిడ్చి, గట్టి రేణువులుగా చేస్తారు. అలా చేస్తే నీళ్లు సందుల్లోంచి జారతాయి. కాకపోతే బంధించే పదార్థం ఆకు చేతుల్ని కప్పేసే ప్రమాదం ఉంది. గట్టిగా బిగిస్తే పట్టు పోతుంది, వదులుగా ఉంచితే రేణువు విరిగిపోతుంది. ఈ రెంటి మధ్య సరైన చోటు ఏ సమీకరణమూ చెప్పదు, చేతులు నేర్చుకోవాల్సిందే. తార్నాక వాళ్లు బంధించని పదార్థాన్నీ, బంధించిన పదార్థాన్నీ రెండింటినీ పక్కపక్కన పరీక్షించి అంకెలు ఇచ్చారు, చదివేవాళ్లు బంధం వల్ల ఏమి మారిందో చూసుకునేలా.

ఆ తరవాత, పట్టిన ఆర్సెనిక్‌ను వదిలించారు. పదార్థం నిండా విషం పట్టాక దాన్ని ఏం చేస్తారు? చెత్తకుప్పలో వేస్తే వానకు కరిగి మళ్లీ నేలలోకి, మళ్లీ బోరులోకి. కాలిస్తే ఆర్సెనిక్ పొగలో వెళ్తుంది. నీళ్లలోని విషాన్ని ఆకు మీదకి మార్చామంతే, విషం ఎక్కడికీ పోలేదు. ఇంట్లో ఆర్ఓ యంత్రానికీ ఇదే వర్తిస్తుంది. లోహం వృథా నీటి గొట్టంలోంచి చిక్కబడి కాలవలోకి వెళ్తుంది. వాళ్లు కాస్టిక్ సోడా ద్రావణం పోశారు. క్షారంలో ఆర్సెనైట్ ఆవేశం లేని స్థితి వదిలి రుణావేశం తెచ్చుకుంటుంది, పదార్థంతో ఉన్న పొందిక తప్పి నీళ్లలోకి దిగుతుంది. మామూలు నీళ్లలో పట్టనివ్వకుండా సతాయించిన గుణమే, తిప్పి వాడుకుంటే విడిపించే తాళంచెవి అయింది. పైపైన అతుక్కునేది గనక పైనుంచే ఊడదీయవచ్చు. అధిశోషణానికీ పీల్చుకోవడానికీ ఉన్న తేడా అక్కరకొచ్చేది ఇక్కడే. పెద్ద నీటిలో పలచగా ఉన్న విషం ఇప్పుడు కొద్దిపాటి ద్రావణంలో చిక్కగా చేతికొస్తుంది. దాన్ని గట్టిపరిచి భద్రంగా దాచడం పెద్ద నీటిని శుద్ధి చేయడం కంటే తేలిక. గొట్టంలో నింపిన ఆ పదార్థాన్ని ఐదు విడతలు, నింపి, కడిగి, మళ్లీ నింపి వాడారు.

ఒకసారి వాడి పారేసే పదార్థానికి గ్రాముకు రెండు వందల మిల్లీగ్రాముల శక్తి ఉన్నా ఐదుసార్లు తిరిగొచ్చే పదార్థమే నాకు మెరుగు. ఈ రంగంలో ఎంత పట్టిందన్న పోటీ నడుస్తోంది. ఎలా వదిలించారన్నది పత్రం చివర ఒక పేరాతో సరిపెట్టేవాళ్లే ఎక్కువ. వదిలించడానికి పట్టుకోవడమంత చోటు ఇచ్చిన పత్రం చదివినప్పుడు పని తెలిసినవాళ్ల చెయ్యి కనిపిస్తుంది.

ఇలాంటి శ్రద్ధ లేనిచోట ఏమవుతుందో చెప్పడానికి క్రోమియం చాలు. ఎలక్ట్రోప్లేటింగ్ నీళ్లలో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం పీహెచ్ 2 దగ్గర దాదాపు ఏ ఆకుపొడితో అయినా మాయమవుతుంది. చాలా ఏళ్లు దీన్ని ఉట్టి అధిశోషణమే అనుకున్నారు. నిజానికి ఆకులోని సేంద్రియ పదార్థం దాన్ని తక్కువ విషమైన మూడు వేలెన్సీ క్రోమియంగా మారుస్తుంది, అందులో కొంత నీళ్లలోనే ఉండిపోతుంది. ఆరు వేలెన్సీని మాత్రమే కొలిచినవాళ్లకు నీళ్లు శుభ్రమైనట్టు కనిపిస్తాయి. మొత్తం క్రోమియం కొలిచినవాళ్లకే సంగతి తెలుస్తుంది.

ఈ పని మన వాడకు ఎందుకు ముఖ్యమో తార్నాక బృందం రాసిన మరో పత్రంలో ఉంది. ఎన్.ఎస్. చారి, కమల తదితరులు 2008లో మురుగునీటితో పండే పొలాల మట్టిని, పశుగ్రాసాన్ని, ఆ గడ్డి మేసిన పశువుల పాలను, కూరగాయలను పరీక్షించి, లోహం నేల నుంచి తినేవాళ్ల దాకా ఎలా నడుస్తుందో కొలిచి చూపారు. పాలకూర, తోటకూర లాంటి ఆకుకూరలు లోహాన్ని ఎక్కువగా ఎక్కించుకున్నాయి. జింకు, క్రోమియం, రాగి మట్టిలో తేలిగ్గా కదిలే రూపాల్లో ఎక్కువగా దొరికాయి. ఉప్పల్ భగాయత్ దగ్గర మూసీని చూసినవాళ్లకు ఈ వరసలో ఏ మెట్టూ కొత్తది కాదు. ఆకు లోహాన్ని పట్టుకునే గుణం ప్రయోగశాల గొట్టంలో ఉపకారం, కూరగాయల మడిలో అపకారం.

కాబట్టి మునగాకు పొడి తెచ్చి ఇంటి ఫిల్టర్‌లో వేసుకోమని నేనెవరికీ చెప్పను. కడగని ఆకు చేసే హాని ఒకటి, నిండిన ఆకు ఎప్పుడు నిండిందో తెలియకపోవడం మరొకటి. ఈ పదార్థాల స్థానం కుళాయి దగ్గర కాదు, లోహం నీళ్లలోకి దిగే మొదటి చోట. ప్లేటింగ్ తొట్టి కడిగిన నీళ్లు బయటికొచ్చే గొట్టం దగ్గర లోహం ఇంకా చిక్కగా, ఒక్క రకంగా ఉంటుంది. ఏ లోహమో తెలుసు, పీహెచ్ ఎంతో తెలుసు, కొలిచే మనిషి అక్కడే ఉంటాడు. చెరువులోకి చేరాక అది పది లోహాలతో, సబ్బుతో, మురుగుతో కలిసి ఎవరి లెక్కకూ అందదు. చిన్న కార్ఖానాకు ఖరీదైన అయాన్ మార్పిడి రెసిన్ భారం కావచ్చు. కడిగి, బంధించి, తిరిగి వాడగలిగే ఆకు పదార్థం అక్కడ నిలబడగలదా అన్నది ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న.

నాచారం లాంటి పారిశ్రామిక వాడలో నిజంగా కారే నీళ్లతో, అందులోని నూనె, సబ్బు, లవణాలు అన్నీ ఉండగానే ఈ పని మళ్లీ చేసిన పత్రం చదవాలని ఉంది. 2005 పత్రం ఐదో విడతతో ఆగింది. ఆరో విడతలో పట్టు ఎంత తగ్గింది, పదో విడతకు రేణువు విరిగిందా, ఏ విడతలో పనికిరాకుండా పోయింది అని అంకెలతో చెప్పే పత్రం.